కనీస వేతనం పెంపు – ఆర్థిక ప్రభావాలు

పనిచేసేవారికి ఇంతకు తగ్గకుండా చెల్లించాలని చట్టం నిర్ణయించే రేటు కనీస వేతనం. దాన్ని పెంచితే ఖర్చు భరించలేక యజమాని మనుషులను తగ్గించుకుంటాడని, ఎవరి కోసం చట్టం చేశారో వాళ్లే రోడ్డున పడతారని ఆర్థికవేత్తల్లో చాలామంది దశాబ్దాలపాటు నమ్మారు. ఆ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది అమెరికాలోని న్యూజెర్సీ ఉదంతం.

1992 ఏప్రిల్ 1న ఆ రాష్ట్రం గంటకు 4.25 డాలర్లున్న కనీస వేతనాన్ని 5.05 డాలర్లు చేసింది. డెలావేర్ నది అవతలి పెన్సిల్వేనియాలో పాత రేటే కొనసాగింది. ఒకే రకం వ్యాపారం, పక్కపక్క ఊళ్లు. చట్టం మాత్రం వేరు. ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పెంపుకు ముందొకసారి, ఏడాది చివర్లో మరోసారి వాకబు చేశారు. ఇద్దరు పార్ట్‌టైమ్ వారిని ఒకరిగా లెక్కిస్తే, హోటల్‌కు సగటు సిబ్బంది న్యూజెర్సీలో 20.4 నుంచి 21కి చేరింది. పెన్సిల్వేనియాలో 23.3 నుంచి 21.2కు పడిపోయింది. న్యూజెర్సీలో భోజనం ధర కాస్త పెరిగింది. అంటే భారంలో కొంత తినేవారి మీద పడింది.

ఉద్యోగాలు ఎందుకు పోలేదు? పని ఇచ్చేవారు కొద్దిమందే ఉన్నచోట కూలీకి బేరమాడే బలం ఉండదు, శ్రమ విలువకంటే తక్కువకే పనిచేయాల్సి వస్తుంది. అలాంటిచోట చట్టం రేటు పెంచితే యజమాని లాభం తగ్గుతుందే తప్ప మనిషి అవసరం తీరిపోదు. జీతం బాగుంటే పని మానేసి వెళ్లేవారూ తగ్గుతారు. కొత్తవారిని వెతికి నేర్పించే ఖర్చు మిగులుతుంది.

ఈ ఫలితాన్ని అందరూ ఒప్పుకోలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ ఆ రెండు రాష్ట్రాల హోటళ్ల జీతాల పట్టీలు తిరగేసి, ఉద్యోగాలు తగ్గాయని 2000లో వాదించారు. కార్డ్, క్రూగర్ ప్రభుత్వ లెక్కలతో బదులిచ్చారు. 2021లో కార్డ్‌కు నోబెల్ దక్కినా వాదన ఆగలేదు.

పెంపు ఎంత అన్నదే అసలు ప్రశ్న. దేశమంతటా 2025 నాటికి 15 డాలర్లు చేస్తే 1.7 కోట్ల మందికి నేరుగా జీతం పెరుగుతుందని, 13 లక్షల మంది పేదరికం దాటుతారని, సుమారు 13 లక్షల ఉద్యోగాలు పోవచ్చని 2019లో అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. ఆ పెంపు జరగలేదు. 2009 జూలై నుంచి కేంద్ర రేటు 7.25 డాలర్ల దగ్గరే ఉంది. న్యూజెర్సీలో మాత్రం 2025లో చాలామంది ఉద్యోగులకు కనీస వేతనం 15.49 డాలర్లు.