ముఖం మీద సూదులు: రోలరు కథ, స్పాంజి కథ

ఫేస్‌లిఫ్ట్ ఆపరేషన్ చేయించుకున్న కొందరికి కుట్లు పడిన చోట మచ్చలు తెల్లగా తేలిపోతాయి. కెనడాలోని మాంట్రియల్ నగరంలో ప్లాస్టిక్ సర్జన్ ఆంద్రే కామిరాండ్ అలాంటి మచ్చలు కనపడకుండా పచ్చబొట్టు మిషన్‌తో ఒంటిరంగు సిరా ఎక్కించేవారు. ఏడాది రెండేళ్లు గడిచేసరికి సిరా వెలిసిపోయింది. దాంతో మచ్చ మళ్లీ బయటపడాలి. కానీ బయటపడలేదు. బిగిసిన చోటు మెత్తబడింది, చర్మానికి సొంత రంగు తిరిగొచ్చింది. పని చేసింది సిరా కాదని, సూది పోటేనని ఆయనకు అర్థమైంది. ఆ తర్వాత సిరా లేకుండా ఉత్త సూదులతోనే మచ్చలను పొడవడం మొదలుపెట్టారు. డూసే అనే సహచరుడితో కలిసి 1997లో ఆ అనుభవాన్ని వైద్య పత్రికలో ప్రచురించారు.

చర్మాన్ని కావాలని గాయపరిచి బాగుచేయవచ్చన్న ఆలోచన అంతకంటే పాతది. జర్మన్ చర్మవైద్యుడు ఎర్న్‌స్ట్ క్రోమయర్ 1905లోనే పళ్ల డాక్టర్లు వాడే తిరుగుడు పరికరాలతో మచ్చలను అరగదీశారు. 1995లో అమెరికాలో ఒరెన్‌ట్రైక్ డాక్టర్లు గుంట మచ్చ కిందికి సూది దూర్చి, దాన్ని లోపలికి లాగి పట్టుకున్న నారపోగులను కోయడం నేర్పారు. ఇవన్నీ డాక్టర్ల చేతుల్లో జరిగే పనులు.

సూది పోటును రోలరుగా మలిచినది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ సర్జన్ డెస్మండ్ ఫెర్నాండెస్. పై పెదవి మీది గీతలకు ఆయన పచ్చబొట్టు మిషన్‌ను వాడిచూశారు. పని నత్తనడక నడిచింది. రంధ్రాలు మరీ దగ్గరదగ్గరగా పడ్డాయి, లోతుకు దిగలేదు. అందుకని చిన్న డ్రమ్ము చుట్టూ సూదులు గుచ్చిన పరికరం చేయించారు. దొర్లిస్తే వేల రంధ్రాలు పడతాయి, వాటి మధ్య చర్మం చెక్కుచెదరకుండా ఉంటుంది. రక్తం చిమ్మిన ప్రతి చోటా ప్లేట్‌లెట్లు వృద్ధి కారకాలను విడుదల చేస్తాయి, ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కదిలి కొత్త కొల్లాజెన్ అల్లుతాయి. పై పొరను ఒలిచేయకపోవడం మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాలకు పెద్ద మేలు. లేజరుతోనో అరగదీసే పద్ధతితోనో నల్లమచ్చలు పడే భయం మనకు ఎక్కువ, సూదితో తక్కువ.

సూదికి ఇంకో పుట్టుక కూడా ఉంది. నా ఉద్దేశంలో ఇంటి పరికరాల గురించి మాట్లాడేటప్పుడు అదే ముఖ్యం. 1976లో ఆల్జా అనే అమెరికన్ మందుల కంపెనీ తరఫున గెర్‌స్టెల్, ప్లేస్ అనే ఇద్దరు ఒక పేటెంటు పొందారు. చర్మం పై పొరకు సన్నటి ముళ్లతో కన్నాలు పెట్టి, వాటి గుండా మందు ఎక్కించే సాధనం అది. అప్పట్లో అంత చిన్న ముళ్లు చేసే పనితనం లేక ఆలోచన కాగితం మీదే నిలిచిపోయింది. కంప్యూటర్ చిప్పుల పరిశ్రమ ఎదిగాక, 1998లో జార్జియా టెక్‌లో మార్క్ ప్రాస్నిట్జ్ బృందం సిలికాన్‌తో 150 మైక్రాన్ల ముళ్లు చేసి చూపించింది. వాళ్లకు కావలసింది గాయం కాదు. నొప్పి లేకుండా, రక్తం రాకుండా మందు లోపలికి పోవడమే.

ఈ రెండు పుట్టుకలనూ వేరు చేసేది లోతు. చర్మానికి పైన ఉండే మృతకణాల పొర పది నుంచి ఇరవై మైక్రాన్ల మందం. బాహ్యచర్మం మొత్తం ముఖం మీద దాదాపు మిల్లీమీటరులో పదో వంతు. కొల్లాజెన్ పుట్టే అంతశ్చర్మం దాని కింద ఉంటుంది. మొటిమల గుంటలకు డాక్టర్లు మత్తు క్రీము రాసి, చాలాసార్లు మిల్లీమీటరున్నర నుంచి రెండున్నర దాకా దించుతారు. ఇంటి కోసం అమ్మే రోలరు సూది 0.2, 0.3 మిల్లీమీటర్లు. చేత్తో దొర్లించేటప్పుడు చర్మం లోనికి నొక్కుకుపోతుంది గనుక ఆ కాస్త లోతూ పూర్తిగా దిగదు. చూడటానికి ఫెర్నాండెస్ పరికరంలా ఉన్నా అది చేసేది ప్రాస్నిట్జ్ ముళ్ల పని: పైన రాసింది లోపలికి పోవడానికి దారి తెరవడం.

ఇక ద్రవరూప మైక్రోనీడ్లింగ్ (సూది చికిత్స) అని పిలుస్తున్న సీరమ్‌లలో లోహపు సూదులేవీ ఉండవు. ఉండేవి స్పాంజి జీవుల ముళ్లు, అంటే స్పిక్యూల్స్. స్పాంజికి ఎముకలు లేవు. చాలా జాతులు నీటిలోని సిలికాను తీసుకుని గాజులాంటి సూదులు కట్టుకుని ఒళ్లు నిలబెట్టుకుంటాయి. మామూలు వేడిలో, మామూలు నీటిలో గాజు ఎలా తయారవుతుందన్న రహస్యంలో ముఖ్యమైన ముడి 1998లోనే వీడింది. కాలిఫోర్నియాలో డేనియల్ మోర్స్ బృందం ఆ పని చేసే ప్రొటీన్‌ను పట్టుకుని సిలికేటిన్ అని పేరు పెట్టింది.

ఈ ముళ్లను చర్మానికి రాయడం మాత్రం ప్రయోగశాలలో పుట్టలేదు. రష్యాలో నదుల్లో, చెరువుల్లో పెరిగే స్పాంజిల్లాను ఎండబెట్టి, పొడిచేసి, బద్యాగా పేరుతో కమిలిన దెబ్బలకు రుద్దేవారు. పల్లెటూరి ఆడపిల్లలు ఆ పొడినే బుగ్గలకు రుద్దుకునేవారు. ముళ్లు గుచ్చుకుని రక్తప్రసరణ పెరిగి బుగ్గలు ఎర్రబడేవి. ఈనాటికీ అక్కడి మందుల షాపుల్లో బద్యాగా దొరుకుతుంది. మన హోమియో షాపుల్లో బాడియాగా అనే మందుకు మూలం కూడా ఈ మంచినీటి స్పాంజే. ఇది మనకు పరాయి జీవి కూడా కాదు. జంతుశాస్త్రవేత్త నెల్సన్ అనండేల్ మన దేశపు మంచినీటి స్పాంజిల మీద 1911లో పెద్ద గ్రంథమే రాశారు.

ఆ తర్వాత చైనాలోని షియామెన్ పరిశోధకులు హాలిక్లోనా అనే సముద్రపు స్పాంజి ముళ్లను శుభ్రం చేసి చూశారు. పొడవు సుమారు 120 మైక్రాన్లు, మందం ఏడు మైక్రాన్లు. పంది చర్మం మీద మర్దించినప్పుడు పెద్ద అణువులు కూడా లోపలికి పోవడం గమనించారు. కొరియా కంపెనీలు స్పాంజి ముళ్ల సీరమ్‌లను అంగడికి తెచ్చాయి. వాటిలో బాగా పేరొచ్చిన రీడిల్ షాట్‌ను 100, 300, 700 అంకెలతో అమ్ముతారు. అంకె పెరిగేకొద్దీ చురుకు పెరుగుతుంది. రాసుకున్నాక దూలగొండి నూగు తగిలినట్టు చిమచిమలాడుతుంది. ముఖం కడిగినా కొన్ని ముళ్లు చర్మంలోనే ఉండి, మృతకణాలతో పాటు రెండు మూడు రోజుల్లో రాలిపోతాయి. అన్ని ముళ్లూ నిలువుగా దిగవు. చాలావరకు అడ్డంగా పడి ఉంటాయి. దిగినవీ పై పొరలు దాటి పెద్దగా పోవు.

కాబట్టి ఇంటి రోలరు, స్పాంజి సీరమ్ రెండూ తలుపు తెరిచేవే. గుంటలు పూడ్చేవి కావు. వాటిలో ఒకటి ఎంచుకోమంటే నేను సీరమ్ వైపే ఉంటాను. రోలరు మీద వందల సూదులుంటాయి, ఇంట్లో వాటిని నిజంగా క్రిమిరహితం చేయడం సాధ్యం కాదు. చవక రకాల్లో విడి సూదులు ఉండవు, రేకు చక్రాలను పళ్లలా కోసి పేర్చి ఉంటాయి. అవి గుచ్చవు, చీరుతాయి. మొన వంగితే కంటికి కనపడదు. సూది శుభ్రత లేకపోతే ఎంత దూరం పోతుందో అమెరికాలోని న్యూమెక్సికో చూపించింది. లైసెన్సు లేని ఒక స్పాలో రక్తంతో కలిపి చేసిన సూది చికిత్స వల్ల అక్కడికి వచ్చినవాళ్లకు హెచ్‌ఐవీ సోకిందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో ప్రకటించింది. ఇంట్లో రోలరును అక్కాచెల్లెళ్లు పంచుకుంటున్నారంటే నాకు భయమేసేది అందుకే.

సీరమ్‌కూ దాని ప్రమాదం దానికుంది. తెరిచిన దారిలో ఏది పోతుందో చూసుకోవాలి. సూది చికిత్స తర్వాత విటమిన్ సి వంటి పూతలు రాసిన ముగ్గురు మహిళలకు ముఖమంతా గట్టి దద్దుర్లు లేచిన ఉదంతాలు 2014లో ఒక అమెరికన్ చర్మవైద్య పత్రికలో వచ్చాయి. ముళ్ల సీరమ్ రాసిన రాత్రి రెటినాల్, ఆమ్లాలు, ఘాటైన విటమిన్ సి పెట్టకండి. కంటి దగ్గరికి రానివ్వకండి. మొటిమలు చీము పట్టి ఉన్నప్పుడు, మంగు ముదిరి ఉన్నప్పుడు రోలరూ వద్దు, సీరమ్ కూడా వద్దు. మంట రేగితే మన చర్మం నల్లమచ్చతో బదులిస్తుంది, ఆ మచ్చ నెలల తరబడి పోదు.

అమెరికా ఎఫ్‌డీఏ 2018లో మొదటిసారి ఒక సూది పెన్నుకు మొటిమల మచ్చల కోసం అనుమతి ఇచ్చింది. అదీ శిక్షణ పొందినవాళ్ల చేతుల్లో వాడటానికే. ముఖం మీద గుంటలున్నవాళ్లు రోలరుకూ సీరమ్‌కూ పెట్టే డబ్బు దాచుకుని, ముందు చర్మవైద్యులను కలవండి.