గెలుచుట వేఱు, నిలుపుట వేఱు

విజయపురి సౌత్ లాంచీ రేవున నిలిచి ఉత్తరముగా చూచినయెడల జలాశయమునకు ఆవలి దరిని నల్లగొండ జిల్లా కొండలు కనబడును. ఈ నీటి అడుగున పూర్వము పాఱిన కృష్ణానది 1948 సెప్టెంబరు వఱకు రెండు ప్రభుత్వములకు సరిహద్దు. ఈవల మదరాసు రాష్ట్రములోని పల్నాడు తాలూకా, ఆవల నిజాము ఏలుబడి. రజాకార్ల బాధకు తాళలేక నిజాము పల్లెలవారెందఱో సరిహద్దు దాటి ఆంధ్ర జిల్లాలలో తలదాచుకొన్న దినములవి.

ఈ ఊరి పేరు క్రొత్తది కాదు. లోయలో మునిగిన ఇక్ష్వాకుల రాజధానికి విజయపురి యనియే పేరు. నాగార్జునకొండ త్రవ్వకములలో, యుద్ధమున కూలిన యోధుల స్మృతికై నిలిపిన ఛాయాస్తంభములు బయల్పడినవి. విజయము పేరు ధరించిన నగరము శిథిలమైనది. మరణించినవారి రాళ్లు మిగిలినవి. సైన్యబలముతో గెలుచుట వేఱు, గెలిచినచోట జనజీవనమును నిలుపుట వేఱు. ఈ భేదమును మన తెలుగునేల 1948 నుండి 1951 వఱకు మూడేండ్ల కాలమున కన్నులార చూచినది. ఆ కథను ఒకసారి తలచుకొందము.

బలప్రయోగమున సైనికులు పాటించు సూత్రములు సామాన్యులకును తెలియనివి కావు. లక్ష్యము స్పష్టముగా నుండవలెను. బలమును చెదరనీయక ఒకచోట కూర్పవలెను. ప్రతిపక్షము తేఱుకొనులోపల పని ముగియవలెను. హైదరాబాదుపై భారత సైన్యము నడపిన చర్య ఈ సూత్రములకు చక్కని ఉదాహరణము. 1947 నవంబరు 29న కుదిరిన యథాతథపు ఒడంబడిక నిలువలేదు. 1948 సెప్టెంబరు 13వ తేదీ తెల్లవాఱుజామున సైన్యము సరిహద్దు దాటెను. షోలాపూరు వైపునుండి మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి నాయకత్వమున ప్రధానబలము, విజయవాడ వైపునుండి మేజర్ జనరల్ రుద్ర నాయకత్వమున మఱియొక బలము నడచినవి. 17వ తేదీ సాయంకాలమునకు నిజాము కాల్పుల విరమణను రేడియోలో ప్రకటించెను. మఱునాడు హైదరాబాదు సేనాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్, చౌధురికి లొంగిపోయెను. దీనికి ‘పోలీసు చర్య’ యని పేరు పెట్టిరి. ఐదు దినములలో పని ముగిసినది.

అంత త్వరగా ముగియుటకు కారణము సైన్యసామర్థ్యమొక్కటియే కాదు. ఎదుటనున్నది ఒక ప్రభుత్వము. దానికి రాజధాని కలదు, సేనాపతి కలడు, ‘ఆపుడు’ అనిన ఆపించగల ప్రభువు కలడు. ఒక మనుష్యుని మాటతో ఆగగల యుద్ధమది.

అయితే సైన్యము ముందునకు సాగిన మార్గమున, దాని వెనుక నేమి జరిగినది? రజాకార్ల దౌష్ట్యములకు ప్రతీకారమను పేరున, వాటితో సంబంధమే లేని ముస్లిము కుటుంబములపై హత్యలు, దోపిడీలు జరిగినవి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ఈ ఘోరము మిక్కుటమైనది. ప్రభుత్వమే పంపిన పండిత సుందరలాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులు 1948 చివర గ్రామములు తిరిగి చూచి, తక్కువలో తక్కువగా 27 వేలనుండి 40 వేల వఱకు ప్రాణములు పోయినవని అంచనా వేసిరి. కొన్నిచోట్ల సాయుధులైన ప్రభుత్వ దళములవారే ఇందు పాల్గొన్నారని వారు వ్రాసిరి. తమ ముస్లిము పొరుగువారిని ప్రాణములకు తెగించి కాపాడిన హిందువుల సంగతియు వ్రాసిరి. ఆ నివేదికను చాలకాలము ప్రకటింపలేదు. 2013 నాటికి గాని అది పరిశోధకులకు అందలేదు. రాజధానిని పట్టుకొనుటకు పథకము సిద్ధముగా నుండెను. పాతప్రభుత్వము కూలిన గడియకును క్రొత్త ప్రభుత్వము పల్లెకు చేరిన గడియకును నడుమ దిక్కులేని ప్రజలను కాచుటకు తగిన పథకము లేకపోయెను. విజయముయొక్క మొదటి మూల్యము ఇది.

రెండవ యుద్ధము వేఱు విధమైనది. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో దేశముఖుల భూస్వామ్యమునకును వెట్టిచాకిరికిని ఎదురుగా రైతులు అంతకుముందే లేచియుండిరి. 1946 జూలై 4న జనగామ తాలూకా కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండ్లకు బలియైన తరువాత ఆ పోరాటము సాయుధమైనది. కమ్యూనిస్టుల నాయకత్వమున మూడువేల గ్రామములలో గ్రామరాజ్యములేర్పడినవనియు, పదిలక్షల యెకరములు పంచబడినవనియు పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ గ్రంథమున వ్రాసిరి. నిజాము దిగిన తరువాత దళములు తుపాకులు దింపవలెనా వలదా యని ఉద్యమములోనే భేదాభిప్రాయము వచ్చినది. ఒక పక్షమువారు పోరు కొనసాగించిరి. సైన్యము వారిపై తిరిగినది.

ఐదు దినముల సూత్రములు ఇచ్చట పనిచేయలేదు. పట్టుకొనుటకు రాజధాని లేదు. పగలు నాగలి పట్టినవాడే రాత్రి దళమునకు అన్నము పెట్టును. ఎవడు యోధుడో, ఎవడు రైతో తెలియదు. ఊరిలో సైనికశిబిరము వేసిన దళము అడవికి పోవును. శిబిరమెత్తిన మఱల వచ్చును. వెళ్లగొట్టబడిన దేశముఖులనేకులు సైన్యము వెంట గ్రామములకు తిరిగి వచ్చి భూములను మఱల ఆక్రమించుకొన జూచిరి. రైతు దృష్టిలో అప్పుడు సైన్యము ఎవరి పక్షమైనది? గూఢచారి చెప్పవలసిన సమాచారము ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముమీదనే ఆధారపడియుండెను. నదికి ఈవలి జిల్లాలలోను మలబారు స్పెషల్ పోలీసు పేరు చెప్పిన పల్లెలు జంకుచుండెను.

ఆ కాలముననే మలయాలో బ్రిటిషువారు ఇట్టి సమస్యనే ఎదుర్కొనుచుండిరి. అచ్చట 1950లో జనరల్ బ్రిగ్స్ అడవి అంచుల నివసించు జనమును ముళ్లకంచెల నడుమ క్రొత్త గ్రామములకు మార్పించెను. గెరిల్లాలకు తిండి అందకుండ చేయుటయే దాని ఉద్దేశము. మన గోదావరి అడవులలోను కోయగూడెములను ఖాళీచేయించి జనమును ఒకచోట చేర్చిరి. ఉద్యమ గ్రంథకర్తలు దీనిని బ్రిగ్స్ పథకముతోనే పోల్చిరి. పోడును, గూడెమును విడిచిన కోయలు పడిన కష్టము సైనికుల పట్టికలలోనికి ఎక్కదు. దళములు బలహీనపడిన మాట నిజమే. నాలుగువేలమంది వఱకు ఉద్యమకారులు మరణించిరని సుందరయ్యగారి లెక్క. కాని బలహీనపడుట వేఱు, ప్రజలకు పోరుతో పని లేకుండుట వేఱు.

ఆ రెండవ పనిని చేసినవి ఏవి? సైనిక గవర్నరుగా నున్న చౌధురి కాలముననే 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనము వెలువడినది. 1950లో వచ్చిన కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు హక్కు కల్పించినది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాభావేగారిని హరిజనులు ఎనుబది యెకరముల భూమి కోరగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరములు దానమిచ్చిరి. తెలంగాణ పాదయాత్రలో వినోబాగారికి పండ్రెండువేల పైచిలుకు యెకరములు లభించినవి. ఆ యేటి అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధపోరును విరమించినది. 1952 ఎన్నికలలో, నిన్నటివఱకు అజ్ఞాతవాసమున నున్నవారు ప్రజాస్వామిక కూటమి పేర నిలిచి అనేకస్థానములు గెలిచిరి. నల్లగొండనుండి రావి నారాయణరెడ్డిగారు అత్యధికమైన వోట్లతో లోకసభకు పోయిరి. పోరాడినవానికి శాసనసభలో పీట వేయగల రాజ్యమే పోరును నిజముగా ముగింపగలదు.

ఈ సంస్కరణములు సంపూర్ణములని చెప్పుట అతిశయోక్తి యగును. కౌలుదారులు పలువురు చట్టము కన్ను కప్పి తొలగింపబడిరి. భూదానముగా వచ్చిన భూమిలో సాగుకు పనికిరానిది కొంత, పంపకమునకు రానిది కొంత. ఆ లోటునకు ఫలము తరువాతి కాలమున కనబడినది. పల్నాటిలోని గుత్తికొండ బిలమునకు 1969లో చారుమజుందారు వచ్చెను. పోరు మఱల అడవులకెక్కెను. 1989లో గ్రేహౌండ్స్ దళము పుట్టెను. 2004 అక్టోబరులో నక్సలైటు నాయకులు నల్లమలనుండి వెలుపలికి వచ్చి ప్రభుత్వముతో హైదరాబాదులో చర్చలు జరిపిరి. మఱుసటి జనవరికి ఆ చర్చలు విఫలమైనవి. ఆ చర్చలలోను భూమి ప్రధానమైన అంశమే.

ఇతర దేశములును ఈ పాఠమును మూల్యము చెల్లించియే నేర్చుకొన్నవి. 2003లో అమెరికా సేనలు మూడు వారములలో బాగ్దాదును పట్టుకొన్నవి. మే నెలలో ఇరాకు సైన్యమును రద్దుచేసి, ఆయుధము తెలిసిన లక్షలాది మందిని వీథిలో నిలిపిరి. తరువాతి యుద్ధము ఏండ్ల తరబడి సాగినది. 2006 డిసెంబరులో ఆ సైన్యము తిరుగుబాట్లను గూర్చి క్రొత్త మార్గదర్శిని ప్రచురించి, శత్రువును చంపుటకంటె ప్రజలను కాచుట ముఖ్యమనియు, పని ప్రధానముగా రాజకీయమైనదనియు వ్రాసికొన్నది. ఆ మాట మన పల్లెలు 1951 నాటికే చెప్పియుండెను.

మఱల కృష్ణ ఒడ్డునకు వత్తము. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నందికొండ వద్ద శంకుస్థాపన చేయునాటికి ఆంధ్ర, హైదరాబాదు రెండు వేర్వేఱు రాష్ట్రములు. ఏడేండ్ల క్రితము సైన్యము కాచిన సరిహద్దున రెండు రాష్ట్రములు కలిసి రాయిమీద రాయి పేర్చినవి. ఆ రాళ్ల వెనుక నిలిచిన నీటిలో లోయలోని పల్లెలు మునిగినవి; ఊరు విడిచినవారి త్యాగమును మఱువరాదు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ పల్నాటికి, ఎడమకాలువ నల్లగొండకు పాఱినవి. అంతకంటె మేలైన సంధిపత్రము ఆ నది చూడలేదు.

2014 జూన్ 2 తరువాత కృష్ణ మఱల రెండు రాష్ట్రములకు సరిహద్దైనది. 2023 నవంబరు చివరిరాత్రులలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆనకట్టపై సగము గేట్లను స్వాధీనము చేసికొని కుడికాలువకు నీరు విడిచిరి. రెండు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగా నిలువగా, తుదకు కేంద్ర రిజర్వు పోలీసులను కాపలా యుంచవలసి వచ్చినది. గేటును బలముతో తెఱవవచ్చును. కాని ఏ నీరు ఎవరిదను తగవు తీరుట ఎదుటివాడును ఒప్పుకొన్న లెక్కతోనే. విజయపురి యను పేరు సార్థకమగునది ఆ లెక్క కుదిరిన దినముననే.