నిమ్మ ఉప్పు: చెరకు మడ్డి నుంచి తయారీ

కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు పేరుతో అమ్మే సిట్రిక్ ఆమ్లం ఇప్పుడు నిమ్మకాయల నుంచి రావడం లేదు. చెరకు మడ్డి, మొక్కజొన్న పిండి వంటి చవక సరుకుల్లో ఆస్పర్జిల్లస్ నైజర్ అనే నల్ల బూజును పెంచి తీస్తున్నారు. ఉల్లిగడ్డ పొరల మీద మసిలా కనబడే బూజు దీని కుటుంబానిదే.

1784లో స్వీడన్ రసాయనవేత్త షీలే నిమ్మరసం నుంచి ఈ ఆమ్లాన్ని స్ఫటికాలుగా వేరు చేశాడు. ఆ తర్వాత చాలాకాలం ఇటలీ నిమ్మతోటలే దీనికి ప్రధాన ఆధారం. బూజు కూడా ఈ ఆమ్లాన్ని ఇస్తుందని 1893లో జర్మన్ శాస్త్రవేత్త వేమర్ గుర్తించాడు. కానీ దాన్ని పరిశ్రమకు పనికొచ్చేలా చేసింది అమెరికాకు చెందిన జేమ్స్ కర్రీ. తీపి, పులుపు రెండూ బాగా ఎక్కువున్న ద్రావణంలో నల్ల బూజు ఆమ్లాన్ని దండిగా ఇస్తుందని 1917లో ఆయన చూపించాడు. రెండేళ్ళకే ఫైజర్ కంపెనీ బ్రూక్లిన్‌లో తయారీ మొదలుపెట్టింది.

మొదట వాడింది శుద్ధి చేసిన చక్కెర. మడ్డి చవక, అందులో సుమారు సగం చక్కెరే. అయినా అది అంత తేలిగ్గా లొంగలేదు. అందులోని ఇనుము, మాంగనీసు దొరికితే బూజు తన ఒళ్ళు పెంచుకుంటుందే తప్ప ఆమ్లం సరిగా ఇవ్వదు. అందుకే పొటాషియం ఫెర్రోసైనైడ్ కలిపి ఆ లోహాలను ముందే తొలగించడం నేర్చుకున్నారు. ఈ విద్యలో అసలు మెలకువ ఇదే: చక్కెర కడుపునిండా పెట్టాలి, లోహాలు మాత్రం అందనివ్వకూడదు. లోతు తక్కువ పళ్ళాల్లో సాగిన ఈ పని తర్వాత గాలి ఊదే పెద్ద ట్యాంకుల్లోకి మారింది. జపాన్‌లో గోధుమ తవుడు, చిలగడదుంప పిప్పి మీద కూడా ఇదే బూజును పెంచారు. ఆమ్లాన్ని వేరు చేయడానికి మాత్రం షీలే నాటి సున్నం, గంధకామ్లాల పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

ఇక మడ్డి సంగతి తెలంగాణలో కామారెడ్డి జిల్లా పిట్లం ప్రాంతానికి కొత్తేమీ కాదు. పొరుగునే మంజీర నది మీద 1923లో మొదలైన నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. ఆ నీళ్ళతో చెరకు, వరి విస్తరించాయి. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది, అది 2015 డిసెంబరులో మూతపడింది. అది మూతపడకముందే నిజాంసాగర్ మండలం మాగిలోనూ, అడ్లూరు ఎల్లారెడ్డిలోనూ చక్కెర మిల్లులు వచ్చాయి. టన్ను చెరకు ఆడితే దాదాపు 40 నుంచి 45 కిలోల మడ్డి మిగులుతుంది. మన దేశంలో అందులో ఎక్కువ భాగం డిస్టిలరీలకే పోతోంది. ప్రపంచపు నిమ్మ ఉప్పులో పెద్ద వాటా మాత్రం చైనాలో, ప్రధానంగా మొక్కజొన్న నుంచి తయారవుతోంది.