రసీదుగా పుట్టి చరిత్రగా మారిన స్టాంపు

ఉత్తరం రాసినవాడికి ఖర్చు లేదు, అందుకున్నవాడే డబ్బు కట్టాలి. 1840లకు ముందు అమెరికాలో చాలా ఉత్తరాలు ఇలాగే నడిచేవి. కాగితాలెన్ని, దూరమెంత అని లెక్కగట్టి పోస్టాఫీసు వసూలు చేసేది. అవతలివాడు వద్దంటే మోత ఖర్చంతా ప్రభుత్వం నెత్తినే.

దీనికి విరుగుడు బ్రిటన్‌లో దొరికింది. తపాలా సంస్కర్త రోలండ్ హిల్ సూచనతో 1840లో 'పెన్నీ బ్లాక్' స్టాంపు వచ్చింది. పంపేవాడే ముందు డబ్బు కట్టి, అందుకు గుర్తుగా చిన్న బిళ్ళ అంటిస్తాడు. అమెరికాలో ఈ పద్ధతిని మొదట అందిపుచ్చుకున్నది 1842లో న్యూయార్క్ నగరంలో ఉత్తరాలు పంచిన ఓ ప్రైవేటు సంస్థ. 1845లో కాంగ్రెస్ రేట్లను తేలిక చేసింది: అర ఔన్సు ఉత్తరానికి 300 మైళ్ళలోపు 5 సెంట్లు, దాటితే 10. ఆ రెండు రేట్లకూ సరిపడా 1847 జులై 1న రెండు స్టాంపులు వెలువడ్డాయి. ఒకదానిపై తొలి పోస్ట్‌మాస్టర్ జనరల్ బెంజమిన్ ఫ్రాంక్లిన్, రెండోదానిపై జార్జ్ వాషింగ్టన్. అంచుకు చిల్లులు లేవు, కత్తెరతో కోసుకోవడమే.

అప్పటికి స్టాంపంటే రసీదు, అంతే. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం రాగానే ఆ రసీదుకు డబ్బు లక్షణం వచ్చింది. దక్షిణాది చేతిలో ఉన్న పాత స్టాంపులు చెలామణి కాకుండా 1861లో ప్రభుత్వం వాటిని రద్దుచేసి కొత్తవి అచ్చువేసింది. 1862లో జనం నాణేలు దాచుకోవడంతో చిల్లర కరువై స్టాంపులే చేతులు మారాయి. అవి నలిగిపోకుండా ఇత్తడి బిళ్ళలో పెట్టి, పైన అభ్రకం మూత బిగించే పద్ధతికి జాన్ గాల్ట్ పేటెంటు తీసుకున్నాడు.

అసలు మలుపు 1893. కొలంబస్ యాత్రకు 400 ఏళ్ళని షికాగోలో పెద్ద ప్రదర్శన తలపెట్టారు. పోస్ట్‌మాస్టర్ జనరల్ జాన్ వానమేకర్ ఫిలడెల్ఫియాలో పేరున్న దుకాణదారు. జనం కొని వాడకుండా దాచుకునే స్టాంపు ప్రభుత్వానికి నికర లాభమని ఆయన వ్యాపార బుద్ధికి తట్టింది. సెంటు నుంచి 5 డాలర్ల దాకా 16 స్టాంపులు, చాలావాటిపై కొలంబస్ కథలో ఒక్కో ఘట్టం. సెట్టు మొత్తం 16 డాలర్ల 34 సెంట్లు, ఆ రోజుల్లో సామాన్యుడు కొనలేని ధర. అమ్మకం ఆపాలని సెనేటర్ వోల్కాట్ తీర్మానమే పెట్టాడు, నెగ్గలేదు. సెంటు స్టాంపులో గడ్డం లేని కొలంబస్, నేల కనబడ్డ కొన్ని గంటలకే ఒడ్డున దిగే 2 సెంట్ల స్టాంపులో గడ్డంతో ఉండటం చూసి జనం నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే దాచుకున్నారు.

అక్కడి నుంచి దేశం తన కథను స్టాంపుల మీద చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఎవరికి చోటిచ్చిందో, ఎంత ఆలస్యంగా ఇచ్చిందో కూడా ఆ కథలో భాగమే. నల్లజాతి అమెరికన్‌కు తొలిసారి చోటు దక్కింది 1940లో, బుకర్ టి. వాషింగ్టన్‌తో. 1961లో గాంధీజీ, 1969లో చంద్రుడిపై అడుగు, 2016లో దీపావళి ప్రమిద వచ్చాయి.

అమెరికా వెళ్ళిన పిల్లల ఉత్తరాలు మన ఇళ్ళలోనూ ఉన్నాయి. స్టాంపు కోసం ఆ కవరు కత్తిరించకండి. దానిపై తపాలా ముద్రలో ఊరూ తేదీ ఉంటాయి. కవరు పెద్దవాళ్ళ చేతికిచ్చి, ఆ రోజుల సంగతులు అడిగి రాసిపెట్టండి. దేశ చరిత్ర స్టాంపు మీద అచ్చయి ఉంది, మీ ఇంటి చరిత్రను మీరే రాసుకోవాలి.