కోవిడ్ మరణ పరిహారం: విశాఖలో ఎవరికి ఏ దారి

కోవిడ్‌తో ఇంటి పెద్ద పోయిన కుటుంబాలకు ప్రభుత్వ సాయం ఒక్కటే అనుకుంటాం. విశాఖలో అది 50 వేల నుంచి 50 లక్షల దాకా రకరకాలు. జబ్బు అందరికీ ఒకటే. చనిపోయిన మనిషి పేరు ఎవరి రికార్డులో ఉందన్న దాన్ని బట్టే మొత్తం మారింది.

అందరికీ వర్తించేది 50 వేల ఎక్స్‌గ్రేషియా. గౌరవ్ కుమార్ బన్సల్ కేసులో 2021 జూన్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇది వచ్చింది. పాజిటివ్ అని తేలిన 30 రోజుల్లోపు చనిపోతే, ఇంట్లో పోయినా, అది కోవిడ్ మరణమే. మరణ ధ్రువపత్రంలో ఆ మాట లేదని దరఖాస్తు తిప్పి పంపకూడదు. మరి పరీక్షే చేయించుకోలేని మనిషికి 30 రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుంది? మార్గదర్శకాల్లో దీనికి సరైన జవాబు మాకు కనబడలేదు.

అర్హులకూ డబ్బు సులువుగా అందలేదు. 2022 జనవరిలో కోర్టు ముందుకొచ్చిన లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 36 వేల దరఖాస్తులు వచ్చాయి. 31 వేలు అర్హమైనవని తేల్చారు. చెల్లించింది 11 వేల మందికే. ప్రధాన కార్యదర్శిని కోర్టు పిలిపించింది. ఈ పరిహారం ఇవ్వాల్సిన విపత్తు స్పందన నిధి నుంచి సుమారు 1,100 కోట్లు పీడీ ఖాతాకు మళ్లించారని అప్పటికి గాజువాక మాజీ ఎమ్మెల్యేగా ఉన్న పల్లా శ్రీనివాసరావు పిటిషన్ వేశారు. ఆ సొమ్ము తిరిగి జమ చేయాలని 2022 జులైలో కోర్టు ఆదేశించింది.

పోర్టు సంగతి వేరు. 2020 ఏప్రిల్‌లో నౌకాయాన శాఖ, మేజర్ పోర్టుల్లో విధుల వల్ల కోవిడ్ సోకి చనిపోయిన కార్మికులకు 50 లక్షలు ప్రకటించింది. కాంట్రాక్టు కార్మికులనూ చేర్చింది. క్లెయిము తేల్చేది పోర్టు చైర్మన్. గడువు మొదట 2020 సెప్టెంబర్ 30 దాకా. ఇది విశాఖ పోర్టుకు వర్తించింది. మేజర్ పోర్టు కాని గంగవరానికి వర్తించలేదు. ఊరు ఒకటే, మోసే బరువూ ఒకటే.

ఆసుపత్రి పారిశుధ్య కార్మికులకు, ఔట్‌సోర్సింగ్ వారితో సహా, కేంద్రం 50 లక్షల బీమా ఉండేది. కోవిడ్ రోగుల సేవలో నేరుగా ఉన్నట్టు రుజువు కావాల్సి వచ్చేది. కేజీహెచ్ వార్డు ఊడ్చిన వారి పేరు డ్యూటీ పట్టీలో ఉంటుంది. వీధి చివర చెత్త బండికెత్తిన మనిషికి ఆ కాగితం ఎవరు రాసిస్తారు? ఈ పనుల్లో ఎక్కువమంది మనవాళ్లే కాబట్టి ఇది చిన్న ప్రశ్న కాదు.

స్టీల్‌ప్లాంటు కాంట్రాక్టు కార్మికుల్లో ఈఎస్‌ఐ ఉన్నవారి కుటుంబాలకు నెలనెలా సగటు వేతనంలో 90 శాతం, కనీసం 1,800 రూపాయలు ఇచ్చే పథకం ఉంది. 2020 మార్చి 24 నుంచి మొదట రెండేళ్లకు వర్తించింది. జబ్బు తేలడానికి మూడు నెలల ముందే పేరు ఆన్‌లైన్‌లో నమోదై ఉండాలి. కాంట్రాక్టరు జీతంలో కోత కోసి, పేరు ఆలస్యంగా ఎక్కిస్తే నష్టం భార్యాబిడ్డలదే.

వేరే పనికి పనికొచ్చినా రాకపోయినా జీతం చీటీ, గేట్‌పాస్, ఈఎస్‌ఐ కార్డు, పరీక్ష రిపోర్టు పారేయొద్దు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి.