గట్టు మీద నిలబడని మనిషి: చైనా అమ్మిన యుద్ధ డ్రోన్ల కథ



మన తాండూరు దిక్కు కంది చేనుకు డ్రోన్‌తో మందు కొట్టుడు మీరు చూసే ఉంటరు. నడిపే పిలగాడు గట్టు మీదనే ఉంటడు. గాలి మారితే పక్క చేను మీద మందు పడుతుందని మనమే అరుస్తం, అతను ఆపుతడు. ఈ రోజు చెప్పేది ఆ గట్టు మీద మనిషి లేని డ్రోన్ల చరిత్ర. పొడుగు పోస్టు, జర ఓపికగా చదవండి.

ముందు మన జిల్లా సంగతి. 2021 సెప్టెంబర్ 11న వికారాబాద్‌లో ‘మెడిసిన్ ఫ్రమ్ ది స్కై’ మొదలైంది. కేంద్ర మంత్రి జ్యోతిరాదిత్య సింధియా వచ్చి ప్రారంభించిండు. టీకాలు, మందులు పెట్టెలో పెట్టి డ్రోన్‌తో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పంపుడు దాని పని. అందులో అసలు కొత్తదనం పెట్టె కాదు, దూరం. నడిపేటోని కంటికి ఆనని దూరం డ్రోన్ పోవాలె. ఆ దూరం వల్ల మన దగ్గర మందు తొందరగా చేరింది. అదే దూరం ఇంకో చోట ఏం చేసిందో చూద్దాం.

1987లో అమెరికా సహా ఏడు పెద్ద దేశాలు మిసైళ్లు ఎక్కడ పడితే అక్కడికి పోకుండా ఒక కట్టుబాటు పెట్టుకున్నయి. పేరు ఎంటీసీఆర్. 500 కిలోల బరువును 300 కిలోమీటర్లు మోసే యంత్రమేదైనా సరే, బయటికి అమ్మకూడదన్నదే దాని ధోరణి. రాసింది మిసైళ్ల కోసం. కానీ తర్వాత వచ్చిన పెద్ద డ్రోన్లు కూడా ఆ లెక్కలోకే వచ్చినయి. అందుకే గల్ఫ్ దేశాలు ఆయుధాలు మోసే డ్రోన్లు అడిగితే అమెరికా ఇయ్యలేదు.

చైనా ఆ కట్టుబాటులో సభ్య దేశం కాదు. చెంగ్డూలో తయారైన వింగ్ లూంగ్ 2007లో మొదటిసారి ఎగిరింది. పేరుకు అర్థం రెక్కల డ్రాగన్. చూపుకు అమెరికా ప్రిడేటర్ తీరే ఉంటది. పెద్దది వింగ్ లూంగ్-2 2017 ఫిబ్రవరిలో ఎగిరింది. రెక్కల కింద 480 కిలోల బాంబులు, మిసైళ్లు మోస్తది. దాదాపు 20 గంటలు గాలిలో ఉంటది. అంటే మనం పొద్దున పాలు పిండే యాళ్లకు లేచిందనుకోండి, అర్ధరాత్రి దాటినంక దిగుతది.

ధర అమెరికా డ్రోన్ కంటే చాలా తక్కువ. అడిగే ప్రశ్నలు ఇంకా తక్కువ. ఎమిరేట్స్, సౌదీ, ఈజిప్ట్, నైజీరియా, పాకిస్తాన్ కొన్నయి. చైనాదే ఇంకో రకం సీహెచ్-4. దాన్ని ఇరాక్ కొన్నది, జోర్డాన్ కొన్నది. చవక సరుకు సంగతి మనకు తెల్వనిదా? అమెరికా తనిఖీ అధికారుల 2019 నివేదిక ప్రకారం ఇరాక్ దగ్గర పదికి పైగా సీహెచ్-4లుంటే, మరమ్మతుల్లేక పూర్తిగా పనికొచ్చేది ఒక్కటే మిగిలింది. అదే ఏడు జోర్డాన్ తన వాటిని అమ్మకానికి పెట్టింది. కొన్న మూడేళ్లకే ట్రాక్టర్‌ను అంగట్ల నిలబెట్టినట్టు.

అది డబ్బు నష్టం. అసలు నష్టం వేరే. 2020 జనవరి 4 రాత్రి లిబియా రాజధాని ట్రిపోలీలో సైనిక అకాడమీ మైదానంలో కుర్రాళ్లు కవాతు చేస్తున్నరు. చేతుల్లో ఆయుధాల్లేవు. పైనుంచి మిసైల్ పడింది. 26 మంది చనిపోయిండ్రు. అది వింగ్ లూంగ్-2 నుంచి వదిలిన చైనా మిసైల్ అనీ, ఆ డ్రోన్లను నడిపింది ఎమిరేట్స్ అనీ బీబీసీ పరిశోధనలో తేలింది. చేసింది ఒక దేశం, నడిపింది ఇంకో దేశం, చచ్చింది మూడో దేశం పిల్లలు. “ఆపు” అని అరిస్తే వినేటోడు గట్టు మీద లేడు.

మరి నియమం పెట్టినోళ్లు ఏం చేసిండ్రు? బేరం పోతుందని చూసి, 2020 జూలైలో అమెరికానే పెద్ద డ్రోన్ల మీద ఆ నియమాన్ని సడలించుకుంది. ఒకరు అమ్మకపోతే ఇంకొకరు అమ్ముతరు, తర్వాత అందరూ అమ్ముతరు. డ్రోన్ల చరిత్రలో నాకు కనిపించింది ఇదే.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. మన దేశం 2016లో ఎంటీసీఆర్‌లో చేరింది. 2024 అక్టోబర్ 15న అమెరికా నుంచి 31 ఎంక్యూ-9బీ డ్రోన్లకు ఢిల్లీలో ఒప్పందం సంతకం అయింది. సరిగ్గా అదే రోజు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ మన పూడూరు మండలం దామగుండంలో నేవీ రేడియో కేంద్రానికి శంకుస్థాపన చేసిండు. జలాంతర్గాములతో మాట్లాడే ఆ కేంద్రానికి పోయే అటవీ భూమి 2,900 ఎకరాలు. ఇంకో దిక్కు హైదరాబాద్‌లో ఇజ్రాయెల్ హెర్మిస్-900 నమూనా మీద తయారైన దృష్టి-10 నిఘా డ్రోన్‌ను 2024 జనవరిలో నేవీకి అప్పగించిండ్రు. 36 గంటలు ఎగురుతదని కంపెనీ చెప్తుంది.

సరిహద్దు అవతల పాకిస్తాన్ దగ్గర చైనా డ్రోన్లు ఉన్నప్పుడు మనకు వద్దని నేను అనను. కానీ నిన్నటిదాకా కొనేటోళ్లం, ఇప్పుడు చేసేటోళ్లం, రేపు అమ్మేటోళ్లం కూడా అయితం. అప్పుడు ఎవరికి అమ్ముతున్నం, వాళ్లు ఎవరి మీద వాడుతరు అని అడిగే నియమం మనకు ఉండాలె. బేరం పోతుందంటే సడలని నియమం.

పురుగుమందు డబ్బా మీద కూడా ఏ పంటకు, ఎంత మోతాదు అని రాసి ఉంటది కదా.

2021లో ఆ టీకాల డ్రోన్ మీ ఊరి మీదుగా పోతుంటే చూసినోళ్లు ఉంటే, కింద రాయండి. అది కూడా మన చరిత్రనే.