ఆల్విన్ నిస్సాన్ మీటర్లో ముల్లు ఎందుకు ఎగిరింది?

ముందుగా ఒక ప్రశ్న. పాత బండి స్పీడోమీటర్లో ముల్లుకీ చక్రానికీ మధ్య ఏముంటుంది? కేబుల్ అంటారు చాలామంది. కేబుల్ ఉన్న మాట నిజమే, కానీ అది ముల్లు దాకా రాదు. ఒక పిసరు ఇవతలే ఆగిపోతుంది. ఆ పిసరు జాగాలో ఉన్నది గాలి. అంటే బండి ఎంత వేగంతో పోతోందో చెప్పే ముల్లుని అసలు ఏదీ పట్టుకుని తిప్పడం లేదు. ఈ ఎపిసోడ్ ఆ గాలి సందు గురించీ, చిట్టమూరులో ఉన్న ఒక పాత బండి గురించీ.

బండి మా పెదనాన్నది. ఆల్విన్ నిస్సాన్. ముక్కు లేని మొహం, వెనక ఓపెన్ తొట్టి. ఇప్పటి పిల్లలు దాన్ని చూసి టాటా ఏస్‌కి తాతా అని అడుగుతారు. చుట్టరికం ఏమీ లేదు. ఇది మన తెలుగు నేల మీద తయారైన జపాన్ బండి.

కథ ఏంటంటే, 1980ల మొదట్లో కేంద్ర ప్రభుత్వం చిన్న ట్రక్కుల తయారీకి జపాన్ కంపెనీలతో పొత్తులకు తలుపు తీసింది. నాలుగు జోడీలు వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో డీసీఎం టయోటా, పంజాబ్‌లో స్వరాజ్ మాజ్డా, మధ్యప్రదేశ్‌లో ఐషర్ మిత్సుబిషి, నాలుగోది మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. ఆల్విన్ అంటే మన ఇళ్లలో ఫ్రిజ్, చేతికి వాచీ, రోడ్డు మీద బస్సు బాడీ. 1942లో నిజాం కాలంలో అల్లాదీన్ కంపెనీ భాగస్వామ్యంతో హైదరాబాద్‌లో మొదలైన సంస్థ. ఫ్రిజ్‌లు చేసేవాళ్లు ట్రక్కు చేయడం ఏంటి అని నవ్వొద్దు, రేకు వంచడంలో వాళ్లని మించినవాళ్లు అప్పట్లో తక్కువ.

బండి మంచిదే, కాలం కలిసిరాలేదు. 1985 తర్వాత జపాన్ యెన్ విలువ బాగా పెరిగిపోయింది. అక్కడినుంచి తెచ్చుకునే విడిభాగాల ఖర్చు మీద పడింది. సరిగ్గా 1986లో టాటావాళ్లు 407 దించారు. 1989లో మహీంద్రా వచ్చి ఆల్విన్ నిస్సాన్‌ని తీసుకుంది. జహీరాబాద్‌లో ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. బండ్లు మాత్రం అక్కడక్కడా మిగిలాయి, వాటికి స్పేర్లు లేవు. అందుకే ఈ రిపేర్ మాకు ఇంత పని పెట్టింది.

పెదనాన్న ఫోన్ చేసి చెప్పింది ఇదీ: "ముల్లు ఇరవైకీ యాభైకీ మధ్య ఎగరతా ఉండాది అబ్బయా. ఒక్కోసారి కీచుమంటాది. దీన్ని నమ్మి తోలేదెట్ట?" ఆయన తెల్లారకముందే లోడుతో నాయుడుపేట వైపు బయల్దేరతాడు. చీకట్లో, ఇంజన్ మోతలో, మన చెవి చెప్పే వేగం చాలాసార్లు తప్పు. లోడు మీద పాత డ్రమ్ బ్రేకులు ఎంత దూరంలో ఆగుతాయన్నది ఆ ముల్లు మీద ఆధారపడి ఉంది. పైగా ఎఫ్‌సీకి వెళ్తే స్పీడోమీటర్ కూడా చూస్తారు. ఊళ్లో ఒక కుర్రాడు పీకేసి డిజిటల్ మీటర్ పెట్టుకోమన్నాడు. ఇంకొకడు ఫోన్లో జీపీఎస్ చాలన్నాడు. నిజం చెప్పాలంటే, ఆకాశం కనబడే రోడ్డు మీద జీపీఎస్ వేగం ఈ పాత ముల్లు కంటే కచ్చితంగా ఉంటుంది. కానీ రిపేర్ అయ్యే వస్తువుని పారేయడం పెదనాన్నకి నచ్చదు. నాకూ నచ్చదు.

ఇప్పుడు ఆ గాలి సందు దగ్గరికి వద్దాం. 1824లో ఫ్రాన్స్‌లో అరాగో అనే శాస్త్రవేత్త ఒక వింత గమనించాడు. రాగి పళ్లెం తిప్పుతుంటే, దానిపైన వేలాడుతున్న దిక్సూచి ముల్లు కూడా దానితోపాటే తిరగడానికి చూస్తోంది. తాకలేదు, రాగికి అయస్కాంతం అంటదు, మరి లాగేది ఎవరు? జవాబు 1831లో ఫారడే నుంచి వచ్చింది. అయస్కాంతం, లోహం ఒకదాని ముందు ఇంకొకటి కదిలితే లోహంలో కరెంట్ పుడుతుంది. అది సుడులు సుడులుగా తిరుగుతుంది. అందుకే ఎడ్డీ కరెంట్ అన్నారు. ఆ సుడులే లాగుతాయి.

1902లో బెర్లిన్‌లో ఆటో షుల్జే దీన్ని స్పీడోమీటర్‌గా మార్చి పేటెంట్ తీసుకున్నాడు. గేర్‌బాక్స్ నుంచి వచ్చిన కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దానిమీద తాకకుండా ఒక అల్యూమినియం గిన్నె బోర్లించి ఉంటుంది. ముల్లు ఆ గిన్నెకి అతికి ఉంటుంది. అయస్కాంతం ఎంత జోరుగా తిరిగితే గిన్నెని అంత గట్టిగా లాగుతుంది. వెంట్రుకంత సన్నని స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ రెండింటి పోట్లాట ఎక్కడ సమం అవుతుందో అక్కడ ముల్లు నిలుస్తుంది. బ్యాటరీ లేదు, చిప్ లేదు. డిజిటల్ మీటర్లు వచ్చేదాకా జీపుల నుంచి మోపెడ్‌ల దాకా ఎక్కువ బండ్లు దీనిమీదే నడిచాయి.

కిలోమీటర్ల అంకెల సంగతి వేరు. వాటిని అదే కేబుల్ పళ్ల చక్రాలతో నేరుగా తిప్పుతుంది. రోగం పట్టుకోవడానికి ఇదే దారి. ముల్లూ అంకెలూ రెండూ ఆగిపోతే కేబుల్ తెగింది, లేదా గేర్‌బాక్స్ దగ్గర చిన్న పళ్ల చక్రం అరిగింది. అంకెలు తిరుగుతూ ముల్లు కదలకపోతే మీటర్ లోపల చూడాలి. ముల్లు ఎగిరితే కేబుల్ లోపల పట్టేస్తోంది.

మాది మూడోది. కేబుల్ లోపలి తీగ బయటికి లాగితే చేతినిండా ఎర్ర పొడి. పులికాట్ సరస్సు గాలి తగిలే ఊరు మనది, గొడ్డలికే తుప్పు పడుతుంది, ఇదెంత. తుప్పు దగ్గర తీగ పట్టేసి, మెలి తిరిగి, ఒక్కసారిగా వదులుతోంది. ముల్లు ఎగిరేది ఆ వదిలినప్పుడే. తీగ చివర చదరంగా ఉండాల్సిన కొస కూడా అరిగి గుండ్రమైపోయింది. నెల్లూరులో పాతది చూపించి అదే పొడవు, అదే కొస ఉన్న తీగ వెతికించాం. పై తొడుగు కిరసనాయిల్‌తో కడిగి ఆరబెట్టాం.

మీటర్ విప్పితే ఇంకో సంగతి బయటపడింది. గిన్నె చుట్టూ నల్లగా గట్టిపడ్డ గ్రీజు. ఎప్పుడో ఎవరో కీచుమంటోందని కేబుల్ నిండా గ్రీజు కూరారు. లోపలి తీగ మరలాగా చుట్లు చుట్టి ఉంటుంది కదా, తిరిగేకొద్దీ గ్రీజుని పైకి మోసుకుపోతుంది. అది అయస్కాంతానికీ గిన్నెకీ మధ్య సందులో చేరితే ఇక లాగేది సుడి కరెంట్ కాదు, జిడ్డు. ముల్లు ఉన్న వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే కింద భాగానికి పలచగా గ్రీజు రాసి, మీటర్ వైపు నాలుగు వేళ్ల మేర పొడిగా వదలాలి. స్ప్రింగ్ జోలికి మాత్రం పోవద్దు, ఒక్కసారి వంగితే ముల్లు చెప్పేదంతా అబద్ధమే.

పరీక్షకి డ్రిల్ మెషీన్ చాలు, తిరిగే దిక్కు మాత్రం సరిచూసుకోవాలి. జపాన్ మీటర్లకి ఒక లెక్క ఉంది: కేబుల్ నిమిషానికి 637 చుట్లు తిరిగితే ముల్లు 60 మీద నిలవాలి. అమెరికా లెక్క మైలుకి 1000 చుట్లు. దాన్ని కిలోమీటర్‌కి మారిస్తే 621 దాకా వస్తుంది, అంటే రెండూ దాదాపు పక్కపక్కనే. 1947లో మహీంద్రా విల్లీస్ జీపులు మన దేశానికి తెచ్చినప్పుడు ఇక్కడి లెక్క కూడా మైళ్లే. 1956 చట్టంతో మెట్రిక్ వచ్చింది, 1958 నుంచి 1962 దాకా అంచెలంచెలుగా అమలైంది. మీటర్లు మారాయి, రోడ్డు పక్క రాళ్లు మారాయి. మాట మారలేదు. కిలోమీటరు రాయిని కూడా మైలురాయి అనే అంటాం. మా నాయనమ్మ అయితే మైలు కూడా కాదు, ఆమడల్లో చెప్పేది.

రోడ్డు మీద పరీక్ష ఇంకా తేలిక. గంటకు 60 అంటే నిమిషానికి ఒక కిలోమీటరు. నేషనల్ హైవే మీద ముల్లుని 60 దగ్గర నిలిపి, ఒక రాయి నుంచి ఇంకో రాయికి పక్కనున్నవాళ్లు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాలి. 60 సెకన్లు రావాలి. మాకు 62 వచ్చింది, అంటే బండి నిజంగా పోతోంది 58. ఇది తప్పు కాదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం స్పీడోమీటర్ కొంచెం ఎక్కువ చూపించొచ్చు, తక్కువ మాత్రం ఎప్పుడూ చూపించకూడదు.

ఒక్క పేచీ మాత్రం మీటర్ బల్ల మీద విప్పి ఉన్నప్పుడే వచ్చింది. అంకెల చక్రాలు చేతిలోనే ఉన్నాయి. పక్కనున్న కుర్రాడు అన్నాడు, "సున్నా చేసేద్దామా పెద్దాయనా? అమ్మేటప్పుడు రేటొస్తది." పాత బండ్ల సంతలో ఇది రోజూ జరిగే పనే. అంకెలు ఒక గీత మీద లేకుండా ఎత్తుపల్లాలుగా కనిపిస్తే ఎవరో చెయ్యి పెట్టారేమో అని అనుమానించండి. పెదనాన్న బీడీ పక్కన పెట్టి, "నేను తిరిగిన దారి నువ్వు చెరిపేదేంది?" అన్నాడు. విప్పేముందు రీడింగ్‌ని ఒక చీటీ మీద రాసి పెట్టుకున్నాం. చక్రాలు తుడిచి, ఆ చీటీ చూసి, అవే అంకెలు మళ్లీ వరసలోకి తెచ్చి మూత బిగించాం.